పళ్లు పెట్టని గోడ

"అప్పుడే గునపం పక్కన పెట్టేశావేంరా? ఇంకాస్త తవ్వు."

గుమ్మంలో నిలబడి అంది బైండింగక్క. పుస్తకాలకు అట్టలు కట్టే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉండటం వల్ల వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉందేమో, ఎవరి నోట్లోనూ లేదు.

తమ్ముడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తాపీమేస్త్రి అతను. "చాలక్కా. నేల గట్టిగానే ఉంది. కట్టేది వరండాయేగా, కోటేం కాదుగా."

"నాన్నయితే మోకాలు మునిగేదాకా తవ్వేవాడు."

"నాన్న కోళ్లగూడు కట్టినా మోకాలు మునిగేదాకానే తవ్వేవాడు."

ఆ మాటకు ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ రోజు ఎవరేమన్నా ఆమెకు నవ్వే వచ్చింది. కాళ్లు భూమ్మీద ఆనడం లేదు మరి. ఆరేళ్లుగా అడుగుతోంది ఈ వరండాకి గోడలు కట్టించమని. లోపలి గదుల్లో వెలుతురు చాలదు, దబ్బనంలో దారం ఎక్కించడానికి గుమ్మం దాకా రావాలి. వరండాలో వెలుతురు పుష్కలం, కానీ గాలి. అచ్చయిన ఫారాలు పేజీలుగా మడిచి, వరస పేర్చి, అటు తిరిగేలోగా పదహారో పేజీ ఎదురింటి గేటు దగ్గర తేలుతుంది. వానాకాలంలో జల్లు కొట్టి అట్టలు అప్పడాల్లా వంకర్లు పోతాయి. మూడు పక్కలా నడుము ఎత్తు గోడ, పైన అద్దాల కిటికీలు, ఒక తలుపు. అంతే ఆమె అడిగింది. అడిగినప్పుడల్లా భర్త "చూద్దాంలే" అనేవాడు. లారీ ఆఫీసులో గుమాస్తా. ఆరేళ్లు చూశాడు, చూశాడు, మూడు వారాల కిందట ఉన్నట్టుండి "సరే, కట్టించేద్దాం, మీ తమ్ముడికి చెప్పు" అన్నాడు. ఆమె ఆ పూట చేతిలో ఉన్న పుస్తకానికి అట్ట తలకిందులుగా అంటించేసింది.

పక్కింటి టీచరమ్మ ప్రహరీ మీదినుంచి తొంగిచూసి, "ఇప్పుడెందుకమ్మా ఈ ముచ్చట?" అంది.

"ఇప్పుడు కాకపోతే ముసలిదాన్నయ్యాకనా?" అంది బైండింగక్క. టీచరమ్మ ఇంకేదో అనబోయి లోపలికి వెళ్లిపోయింది. ఓర్వలేకపోతోంది, పాపం, అనుకుంది బైండింగక్క, పైగా జాలి కూడా పడింది.

రెండో రోజు ఇటుకలు వచ్చాయి. సగం పాతవే, ఎక్కడో పడగొట్టిన గోడవి. "ఇవే మంచివక్కా, బాగా కాలినవి," అన్నాడు తమ్ముడు. ఆమె నమ్మింది. కొంగు బిగించి తనే ఇటుకలు అందించింది. కూలిమనిషిని పెట్టుకుంటే డబ్బు దండగ అని కాదు. చిన్నప్పుడు నాన్న వెనకాల తట్ట మోసిన చేతులవి, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఇటుక తగలగానే వాటంతట అవే ముందుకు పోయాయి. ఈ ఇల్లు నాన్న కట్టిందే. పెళ్లప్పుడు ఆమె పేరున రాసిచ్చి, "గోడల సంగతి నాది, సంసారం సంగతి నీది" అన్నాడు. గోడల్లో ఈనాటికీ జుట్టంత పగులు లేదు.

తమ్ముడు దారం కట్టాడు. తాపీతో సిమెంటు మాలు పరిచి, ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేసి, పక్కకు జారిన మాలును గీరి తీస్తున్నాడు. చెయ్యి మాత్రం నాన్నదే. మణికట్టు తిప్పడంలో కూడా నాన్నే. ఆమె చూస్తూ మురిసిపోయింది. అయితే ఒక్క సంగతి వింతగా అనిపించింది. ఎప్పుడూ పని చేస్తూ వాగుతూనే ఉండే మనిషి ఈసారి నోట్లో నాలుక లేనట్టు ఉన్నాడు. టీ ఇస్తే తాగుతాడు, గ్లాసు కింద పెడతాడు, మళ్లీ గోడవైపు తిరుగుతాడు.

"ఏంట్రా, మరదలితో గొడవా?"

"గొడవేం లేదు. ఎండగా ఉంది."

మూడో రోజుకి ముందు గోడ నడుము ఎత్తు లేచింది. రెండు పక్కగోడలూ అంతే ఎత్తు లేచాయి. తమ్ముడు తలుపు చట్రం తేవడానికి వెళ్లాడు. ఆమె చీపురు పట్టుకుని వరండా ఊడవడానికి వచ్చింది. పక్కగోడ ఇంటి గోడను కలిసే మూలలో ఇసుక పేరుకుని ఉంది. చీపురుతో గట్టిగా గీకింది. మాలు రాలింది. రాలిన చోట ఒక సన్నని గీత, కిందినుంచి పైదాకా, స్కేలు పెట్టి గీసినట్టు.

ఆమె చీపురు కింద పడేసి మోకాళ్ల మీద కూచుంది.

పాత గోడకి కొత్త గోడ కలపాలంటే ఒక పద్ధతి ఉంది. పాత గోడలో వరస విడిచి వరస ఒక్కో ఇటుకని సగం దాకా తొలిచి తీసి, ఆ గుంటలో కొత్త గోడ ఇటుకను దూర్చి కట్టాలి. నాన్న వాటిని పళ్లు అనేవాడు. పళ్లు పెడితేనే ఒక గోడ ఇంకో గోడని కరిచి పట్టుకుంటుంది. లేకపోతే రెండూ పక్కపక్కన నిలబడి ఉంటాయంతే, బస్సులో ముక్కూ మొహం తెలియని ఇద్దరు నిలబడ్డట్టు. పదేళ్ల వయసులో ఈ మాట తెలుసు ఆమెకి. తమ్ముడికి ఎనిమిదేళ్లకే తెలుసు. అలాంటిది ఇక్కడ పాత గోడ మీది వెల్ల కూడా గీకకుండా కొత్త ఇటుకలు ఆనించి పేర్చేశాడు. రెండో పక్కకి పరిగెత్తి చూసింది. అక్కడా అంతే.

అప్పుడు పునాది గుర్తొచ్చింది. పాత ఇటుకలు గుర్తొచ్చాయి. రాలిన మాలును వేళ్ల మధ్య నలిపింది. ఇసుకే ఉంది, సిమెంటు వాసన చూపించి కలిపినట్టుంది.

తన పనిలోనూ ఇలాంటి మోసం ఉంది. ఫారాలు కుట్టకుండా వీపుకు బంక పూసి అట్ట అంటించేస్తే కొత్తలో పుస్తకం బ్రహ్మాండంగా కనబడుతుంది. నాలుగుసార్లు తెరిస్తే ఆకులు చేతికొస్తాయి. అలా చేసేవాళ్లను ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. ఇప్పుడు తన ఇంటి గుమ్మంలో, తన సొంత తమ్ముడు, అదే పని! కడుపు మండిపోయింది. అంతకంటే ముందు సిగ్గుతో చచ్చిపోయింది. ఆయనకు తెలిస్తే? పుట్టింటివాళ్ల చేత పని చేయించుకుంటే ఇలాగే ఉంటుందని జీవితాంతం దెప్పుతాడు. అనడంలో తప్పేం ఉంది? తమ్ముడు బావకి టోపీ పెడుతున్నాడు. అదొక్కటే తోచింది ఆమెకి.

సాయంత్రం భర్త రాగానే ఆమె వెళ్లి సరిగ్గా ఆ మూలకి వీపు ఆనించి నిలబడింది.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది, బాగుంది," అన్నాడాయన చెప్పులు విప్పుకుంటూ. కనీసం తలెత్తి చూడలేదు. హమ్మయ్య అనుకుంది ఆమె.

మర్నాడు తమ్ముడికి టీ ఇచ్చి, గ్లాసు అతని చేతిలో ఉండగానే అడిగేసింది. "పళ్లు ఎందుకు పెట్టలేదురా?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "పాత గోడ అక్కా. తొలిస్తే పగుళ్లొస్తాయి."

"నాన్న గోడకి పగుళ్లా! నేను బైండింగు చేస్తా కాబట్టి చెవిలో పువ్వు పెడితే పెట్టించుకుంటాననుకున్నావా? ఎన్ని తట్టలు మోశానురా నేను?"

"మేస్త్రివి నువ్వా, నేనా?"

"ఇలా కట్టేవాడు మేస్త్రి అయితే నేను ఇంజినీరుని. తొలిచి కట్టు. బావకి తెలియకముందే. నీ పరువు కోసమే చెప్తున్నా."

చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అతను తల దించుకుని టీ పూర్తి చేశాడు. కోప్పడలేదు, కట్టలేదు. మధ్యాహ్నానికి తలుపు చట్రం నిలబెట్టి, ఇంకెక్కడో పని ఉందని వెళ్లిపోయాడు. తన పనిని ఎవరైనా ఒక్క మాటంటే తాపీ విసిరేసి పోట్లాటకొచ్చే మనిషి ఇంత మాట పడి ఎందుకు ఊరుకున్నాడో ఆమెకి అంతుపట్టలేదు.

శనివారం భర్తకి పొద్దుటి డ్యూటీ. ఆయన గేటు దాటగానే ఆమె తమ్ముడు వరండాలో వదిలి వెళ్లిన సంచిలోంచి ఉలీ సుత్తీ తీసింది. వాడు చెయ్యకపోతే తనే చేస్తుంది, ఏం పోయింది? కొత్త గోడ కొసన మూడో వరస ఇటుకను ఉలితో కదిపింది. పాలపన్నులా ఊడి వచ్చింది. దాని వెనక నాన్న గోడ. అక్కడ మాత్రం ఉలి ఎగిరి వెనక్కి కొట్టింది. బొటనవేలు చితికింది. చీర కొంగు చింపి చుట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. గంట గడిచేసరికి గుప్పెడు పొడి రాలింది. నాన్నను తిట్టుకుంది, మురిసిపోయింది, మళ్లీ తిట్టుకుంది. ఒక పన్నుకి చోటు దొరికింది. ఐదో వరస దగ్గరకు వెళ్లింది.

"అక్కా! ఏం చేస్తున్నావ్?"

తమ్ముడు సైకిల్ స్టాండు కూడా వెయ్యకుండా వదిలేసి వచ్చాడు. అది గేటు మీద పడింది.

"కనబడటం లేదా? నువ్వు చెయ్యని పని."

"ఆపు. నీ వేలు చూడు, రక్తం."

"ఎనిమిది పళ్లు ఆ పక్క, ఎనిమిది ఈ పక్క. నువ్వు మాలు కలుపు."

అతను సుత్తి పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఇద్దరూ చిన్నప్పుడు బొంగరం కోసం లాక్కున్నట్టు లాక్కున్నారు. చివరికి అతనే గట్టిగా అరిచాడు.

"రెండు నెలల్లో పడగొట్టేదానికి పళ్లెందుకే అక్కా!"

సుత్తి అతని చేతిలోకి పోయింది. ఆమె పట్టు వదిలేసింది.

"ఏం పడగొడతారు?"

అతను సుత్తి నేల మీద పెట్టాడు.

"వరండానా?"

"ఇల్లంతా," అన్నాడు తమ్ముడు, ఇటుకల మీద కూలబడి. "ఈ వరసలో నాలుగిళ్లూ కలిపి అపార్టుమెంటు కడుతున్నారు. మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు. బావ ఆఖరున ఒప్పుకున్నాడు. నీకు మూడో అంతస్తులో ఫ్లాటు. నీకు చెప్తానన్నాడక్కా, తనే మెల్లగా చెప్తానన్నాడు."

"ఇల్లు నా పేరున ఉంది. నేను సంతకం పెట్టకుండా ఆయనెలా ఒప్పుకుంటాడు?"

అడుగుతూనే ఆమెకి జవాబు తెలిసిపోయింది.

మూడు వారాల కిందట ఆయన ఒక కట్ట కాగితాలు తెచ్చాడు, వరండాకి పర్మిషన్ అని. ఆ రోజు స్కూలువాళ్ల రిజిస్టర్లు నలభై ఇవ్వాలి. చేతులకి బంక. ఇరవై రెండేళ్లుగా ఆమె చేతుల మీదుగా లక్షల కాగితాలు వెళ్లాయి. ఒక్కటీ చదవలేదు. చదువుతూ కూచుంటే పని సాగదు. కాగితం కనబడితే ఆమె చూసేది అంచులు కలిశాయా, ఎటు మడిస్తే విరగకుండా ఉంటుంది, పేజీల వరస తప్పిందా అని మాత్రమే. ఆ కట్టలో పేజీలు ముందువెనకలుగా ఉన్నాయి. అంకెలు చూసి తనే సర్దింది. "ఎంత మంచి కాగితం!" అని మెచ్చుకుంది కూడా. ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. విడివిడిగా ఉంటే పోతాయని మూడు చిల్లులు పొడిచి, మైనం దారంతో గట్టిగా కుట్టి మరీ ఇచ్చింది.

తన ఇంటిని తన చేత్తోనే కుట్టి ఇచ్చింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు.

"నీకేమిస్తామన్నారు?" అంది తమ్ముడితో.

"అక్కా..."

"ఊరికే నోరు మూసుకునే రకం కాదు నువ్వు. ఏమిస్తామన్నారు?"

"మేస్త్రి పని మొత్తం నాకే," అన్నాడతను నేలకి చెబుతున్నట్టు. "నాలుగంతస్తులు. రెండేళ్ల పని. పిల్లల చదువులక్కా."

"టీచరమ్మకి తెలుసా?"

"వీధిలో అందరికీ తెలుసు."

మొదటి రోజు టీచరమ్మ మీద పడ్డ జాలి గుర్తొచ్చి ఆమెకి తల కొట్టేసినట్టయింది. తనకి తప్ప అందరికీ తెలుసు. అందరూ ప్రహరీల మీదినుంచి చూస్తూ ఉండగా తను కొంగు బిగించి ఇటుకలు మోసింది.

మధ్యాహ్నం భర్త వచ్చాడు. తొలిచిన గోడ చూశాడు, ఆమె కట్టు కట్టుకున్న వేలు చూశాడు, ఇక దాచడం అనవసరమని తేల్చుకున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"మూడో అంతస్తు. రెండు పడగ్గదులు. లిఫ్టు ఉంటుంది," అన్నాడు.

"నా కాగితాల కోతమిషను?"

"అది అక్కడ పెట్టనివ్వరు. చప్పుడు. అయినా ఇంకెన్నాళ్లు కుడతావే? హాయిగా కూచో."

"నేను కూచుంటానని మీతో ఎప్పుడన్నా అన్నానా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"మరి? అందుకే అడగలేదు," అన్నాడాయన, లెక్క తేలిపోయినట్టు.

ఆమె గుమ్మం పట్టుకుంది. ఏడుపు రాలేదు, అదే ఆశ్చర్యం. "ఇల్లు అమ్ముకుంటే అమ్ముకున్నారు. ఈ వరండా ఎందుకు కట్టించారు? పడగొట్టేదానికి?"

"ఆరేళ్లుగా నస పెట్టావుగా. పర్మిషన్ కాగితాలని సంతకం పెట్టించాక కట్టకపోతే అనుమానం రాదూ? అదీగాక, పోనీ, రెండు నెలలైనా నీ సరదా తీరుతుందని." ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "నీకోసమే కదా."

మోసం చేశాడు, సరే. మోసం చేసి, దాని మీద ఒక బొమ్మ పెట్టి, ఆడుకోమని ఇచ్చాడు. ఇస్తున్న చేతిని ముద్దు పెట్టుకోవాలని ఇప్పుడు ఎదురుచూస్తున్నాడు.

"సోమవారం రిజిస్ట్రారాఫీసుకి రావాలి," అన్నాడాయన లేస్తూ. "వేలిముద్ర వెయ్యాలి, ఫొటో దిగాలి. పదకొండింటికి."

"అక్కడికేమని చెప్పి తీసుకెళ్దామనుకున్నారు? అదీ వరండా కోసమేనా?"

ఆయన కుర్చీ గోడవైపు జరిపాడు.

"నేను రాకపోతే?"

"పిచ్చి మాటలు మాట్లాడకు. నువ్వు రాకపోతే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మిగతా మూడిళ్లవాళ్లూ నా మీద పడతారు."

ఆమె ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్లి బంక గిన్నె మీద తడిగుడ్డ కప్పి, చెప్పులేసుకుని బయటికి వెళ్లింది. గంటకి తిరిగొచ్చింది. ఎక్కడికి వెళ్లావని ఆయన అడగలేదు. కోపంలో గుడి చుట్టూ తిరిగొచ్చి ఉంటుందనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆమె గోడ విప్పడం మొదలుపెట్టింది. పైవరస నుంచి ఒక్కో ఇటుకా. కష్టమేం కాలేదు. ఉలి మొన తగిలితే చాలు, ఇటుకలు తయారుగా ఉన్నట్టు చేతిలోకి వచ్చాయి. భర్త వచ్చి కాసేపు అరిచాడు. "నువ్వు కట్టించమన్నదేగా! ఇప్పుడు నువ్వే పడగొడతావా? మతి పోయిందా?" అన్నాడు. ఆమె ఇటుక పక్కన పెట్టి ఇంకో ఇటుక తీసింది. "అడ్డు లేవండి, కాలి మీద పడుతుంది," అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఆయన చొక్కా వేసుకుని, ఎవరికో ఫోన్ చేసుకుంటూ, గేటు దభాలున వేసి వెళ్లిపోయాడు.

టీచరమ్మ ప్రహరీ దగ్గరికి వచ్చింది. "నాకు చెప్పాలనే ఉందమ్మా. మీ ఇంటి సంగతి మధ్యలో నేనెందుకని..." అంది.

"నిజమే, మీరెందుకు," అంది బైండింగక్క, గోడ మీదినుంచి కళ్లు తిప్పకుండా. టీచరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటాక తమ్ముడు వచ్చాడు. అప్పటికి రెండు పక్కగోడలూ లేవు, ముందు గోడ మోకాలెత్తు మిగిలింది. ఆమె నేల మీద కూచుని, ఇటుకలకి అంటిన మాలును గీరి, శుభ్రమైనవి ఒక పక్క, విరిగినవి ఒక పక్క పేరుస్తోంది. అతను సైకిలు జాగ్రత్తగా స్టాండు వేశాడు. వచ్చి ఆమెకి ఎదురుగా గొంతుక్కూచున్నాడు. తర్వాత ఒక ఇటుక తీసి తాపీ అంచుతో మాలు గీరడం మొదలుపెట్టాడు.

"నేను మళ్లీ కడతానక్కా," అన్నాడు. "పునాది సరిగ్గా తవ్వుతా. రెండు పక్కలా పళ్లు పెడతా. నాన్న కట్టినట్టు. బావ ఏమన్నా సరే. అపార్టుమెంటు పని పోతే పోయింది."

అతను అబద్ధమాడటం లేదని ఆమెకి తెలుసు. చిన్నప్పటినుంచీ ఎరిగిన గొంతు. ఒక్క క్షణం చెయ్యి చాచి వాడి తల నిమరాలనిపించింది. నిమరలేదు.

"వద్దు," అంది. "పక్కవీధి మేస్త్రికి చెప్పి వచ్చా నిన్న. రేపు పొద్దున్నే వస్తానన్నాడు."

తమ్ముడి చేతిలో తాపీ ఆగిపోయింది. "వాడా? వాడొచ్చి... మన ఇంట్లో? నాన్న కట్టిన ఇంటికి? నేను బతికుండగా నీ ఇంట్లో ఇంకో మేస్త్రి తాపీ పడితే నలుగురూ ఏమనుకుంటారక్కా?"

"అనుకోనీ. నా గురించి వారం రోజులుగా అనుకుంటూనే ఉన్నారుగా."

"మరి రేపు సోమవారం. రిజిస్ట్రారాఫీసు..."

"నాకు తీరదు. మేస్త్రికి ఇటుకలు అందించాలి."

అతనికి అర్థమైంది, తలూపాడు. చేతిలోని ఇటుకను నాలుగువైపులా తిప్పి, అంచులు శుభ్రంగా గీరి, మంచివాటి దొంతర మీద పెట్టడానికి చెయ్యి చాచాడు. ఆమె ఆ ఇటుకను అతని చేతిలోంచి తీసుకుని, తనే దొంతర మీద పెట్టింది.

"పొద్దుపోతోంది," అంది. "మరదలు ఎదురుచూస్తుంటుంది, వెళ్లు."